నిండు చెంప

అనగనగా ఓ ఊళ్లో నాలుగేళ్ల పిల్లాడు అరుగు మీంచి బోర్లా పడ్డాడు. గడ్డం చిట్లింది. రెండు కుట్లు పడ్డాయి, వారంలో మానింది. చెవి ముందు నొప్పని వాడు ఏడుస్తుంటే, దెబ్బ గడ్డానికి తగిలితే చెవి దగ్గర నొప్పేమిటని ఎవరూ పట్టించుకోలేదు.

ఏళ్లు గడిచేకొద్దీ వాడి ముద్ద చిన్నదైంది. జామకాయ కొరకలేకపోతే ముక్కలు కోసి పెట్టారు. "మావాడు నిదానస్తుడు, తిండి దగ్గరా తొందరపడడు" అని తల్లి మురిసింది. ఈలోగా మొహం ఒంకర తిరిగింది. ఎడమ చెంప ముద్దుగా, నిండుగా ఉంది. కుడి చెంప సాగదీసినట్టు చదునైంది. ఇంకేం, కుడి చెంపకి వైద్యం మొదలు. నువ్వుల నూనె మర్దనా, కాపడం, ఆ వైపే నమలమని నాయనమ్మ పోరు.

సంక్రాంతికి తాత వచ్చాడు. జీవితమంతా ఎడ్లబండి తోలినవాడు. చేతిలో పెట్టిన చెక్కను మనవడు పలుకులుగా విరిచి, పెదాల సందున ఒక్కొక్కటే తోసుకోవడం చూశాడు.

"ఏదిరా, నోరు తెరు."

వాడి వేళ్లు మూడు నిలువుగా పట్టాల్సిన చోట ఒకటే పట్టింది. తెరుస్తుంటే గడ్డం ఎడమకి జరిగింది.

"అమ్మాయ్, మీరు నూనె రాసేది బాగున్న చెంపకే. ఒక ఎద్దు ఆగి రెండోది నడుస్తుంటే బండి ఎటు తిరుగుతుంది? ఆగిన ఎద్దు వైపుకే కదా!"

పట్నంలో డాక్టరు స్కాన్ చూసి, ఎడమ దవడ కీలు పుర్రె ఎముకతో అతుక్కుపోయిందన్నాడు.

నీతి: నిండుగా కనబడేదల్లా ఆరోగ్యం కాదు.

కింది దవడ ఎదుగుదలకు చెవి ముందున్న కీలు తల ముఖ్యమైన చోటు. గడ్డానికి తగిలిన దెబ్బ అదురు అక్కడిదాకా పోయి ఆ తల విరగవచ్చు, కీల్లో చేరిన రక్తం గట్టిపడి ఎముకగా మారవచ్చు. చెవిలో చీము, పిల్లల కీళ్లవాతం కూడా ఆ కీలును చెడగొడతాయి. కీళ్లవాతమైతే మరీ దొంగ, నొప్పి లేకుండానే తినేస్తుంది. ఆ వైపు ఎముక పొట్టిగా ఉండిపోతే పైనున్న కండ కుదించుకుని నిండుగా కనబడుతుంది. రెండు కీళ్లూ చెడితే గడ్డం లోపలికి పోతుంది, కొందరికి నిద్రలో ఊపిరి సరిగా ఆడదు. అతుకు కోసి తీశాక కూడా నెలల తరబడి నోరు తెరిచే వ్యాయామం తప్పదు. మానేస్తే మళ్లీ అతుక్కునే ప్రమాదం ఉంది.

పిల్లల గడ్డం పగిలితే కుట్లతో సరిపెట్టకండి. చెవి ముందు కీలు కూడా చూడమని డాక్టరును అడగండి.