ఐదు మార్కుల ప్రశ్న

సౌలు రాజు చేసిన తప్పేమిటి? ఐదు మార్కులు.

మా సండే స్కూలు వార్షిక పరీక్షలో ఏళ్ల తరబడి తిరిగి తిరిగి వచ్చే ప్రశ్న ఇది. సమూయేలు మొదటి గ్రంథం, 15వ అధ్యాయం. జవాబు పిల్లలకు కంఠతా. అమాలేకీయుల్ని ఆనవాలు లేకుండా చేయమని సమూయేలు ప్రవక్త దేవుడి మాటగా చెప్పాడు. సౌలు వెళ్లి జనాన్ని చంపాడు గానీ, వాళ్ల రాజు అగగును ప్రాణాలతో పట్టుకొచ్చాడు. బలిసిన గొర్రెల్నీ ఎడ్లనీ మిగుల్చుకున్నాడు. ‘అవిధేయత’ అన్న మాట పడితే రెండు మార్కులు, గొర్రెలకు ఒకటి, అగగుకు ఒకటి, దస్తూరికి ఒకటి.

కొన్నేళ్ల కిందట ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి ఆ ప్రశ్న కింద ఒక్క ముక్క రాసింది: చంటిపిల్లల్ని చంపడం.

నేను సున్నా చుట్టాను. కీలో లేదు మరి. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ బడిలో తెలుగు చెప్పినదాన్ని, పేపర్లు దిద్దీ దిద్దీ చెయ్యి దానంతటదే పోతుంది. కట్ట కట్టి పక్కన పెట్టాక, అన్నం తింటుంటే ఆ సున్నా గుర్తొచ్చింది. ముద్ద దిగలేదు.

మాది తెనాలి దగ్గర పల్లె. లూథరన్లం. గుంటూరుకు 1842లో హెయ్యర్ దొర వచ్చాక మొదలైన వరస మాది. మేం ‘చర్చి’ అనం, ‘గుడి’ అనే అంటాం. ఆ గుడి వెనక గదిలో ఫ్లానెల్ గుడ్డ బోర్డు ఒకటుంది. దానికి అంటించే కాగితపు బొమ్మల్లో సౌలు ఉన్నాడు, గడ్డం సమూయేలు ఉన్నాడు, కాళ్లకు సంకెళ్లతో అగగు ఉన్నాడు, గొర్రెలు ఆరున్నాయి. చంటిపిల్ల బొమ్మ లేదు. బైబిల్లో మూడో వచనం పురుషుల్నీ స్త్రీలనీ పిల్లల్నీ పాలుతాగే పసివాళ్లనీ వరసపెట్టి చెబుతుంది. నేను అన్నేళ్లూ ఆ వచనాన్ని గబగబా దాటేసి గొర్రెల దగ్గర ఆగేదాన్ని. గొర్రెల అరుపు సమూయేలుకు వినపడింది, కథలో పెద్ద ఘట్టం అదే. పిల్లల ఏడుపు ఎవరికి వినపడిందో ఎవరూ రాయలేదు.

ఆ సున్నా పుణ్యమా అని ఈ అధ్యాయం మీద నాకు తోచినవాళ్లనల్లా అడిగాను, దొరికినదల్లా చదివాను. మా అయ్యగారు చెప్పింది పాత జవాబే. ప్రాణం ఇచ్చినవాడికి తీసుకునే హక్కుంది, మట్టికి కుమ్మరిని అడిగే నోరెక్కడిది అన్నారు. అగస్టీను అలాగే అన్నాడు, కాల్విన్ అలాగే అన్నాడు. నిజమే, జ్వరమొచ్చి పోయే పిల్లలున్నారు, ఉప్పెనలో పోయినవాళ్లున్నారు. 1977 నవంబరులో దివిసీమను చూసిన తరం మాది, దేవుణ్ణి నిలదీసిన రాత్రులు మాకూ ఉన్నాయి. కానీ ఉప్పెన వేరు. ఇక్కడ ఒక ఇరవయ్యేళ్ల కుర్రవాడు కత్తెత్తాలి. ఎత్తి, దించి, తుడుచుకుని, ఇంటికెళ్లి తన పిల్లను ఎత్తుకోవాలి. దేవుడికున్న హక్కు సంగతి అయ్యగారు చెప్పారు గానీ, ఆ కుర్రవాడి సంగతి చెప్పలేదు.

ఇంకొకరు, చదువుకున్న మనిషే, ఆ పిల్లలు పరలోకానికే పోయారు కదమ్మా, పెరిగితే పాపులయ్యేవాళ్లు అన్నారు. ఆ లెక్కన బేత్లెహేములో పసివాళ్లను చంపించిన హేరోదు కూడా మేలే చేశాడనాలి. ప్రతి క్రిస్మస్‌కూ ఆ పసివాళ్ల కోసం గుడిలో కళ్లు తుడుచుకుంటాం. అమాలేకు పిల్లల దగ్గరికి వచ్చేసరికి మన కళ్లెందుకు ఆరిపోతాయి?

మూడో జవాబు పురావస్తువాళ్లది. నాకు కొంత రుచించింది ఇదే. 1868లో ఇప్పటి జోర్డాన్ దేశంలో ధీబాన్ దగ్గర నల్లరాతి శాసనం ఒకటి బయటపడింది. ఇప్పుడు ప్యారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది. మోయాబు రాజు మేషా క్రీస్తుకు పూర్వం తొమ్మిదో శతాబ్దంలో వేయించాడు. ఇశ్రాయేలు చేతిలోంచి నెబో పట్టణాన్ని పట్టుకుని, అందులో ఏడు వేల మందిని, ఆడవాళ్లతో సహా, తన దేవతకు అర్పణగా చంపేశానని చెప్పుకున్నాడు. ‘దేవుడికి అర్పించి నిర్మూలం చేయడం’ అనడానికి హీబ్రూ బైబిల్ వాడే క్రియాధాతువే ఆ రాతి మీదా ఉంది. అంటే ఇది ఒక్క ఇశ్రాయేలు భాష కాదు, ఆ చుట్టుపక్కల రాజులందరి భాష. ఇశ్రాయేలు శాశ్వతంగా నశించిపోయిందని కూడా మేషా చెప్పుకున్నాడు. నశించలేదు. మన శాసనాల్లో రాజుల ప్రశస్తులు చదివినవాళ్లకు ఈ ధోరణి కొత్త కాదు. శత్రువును సమూలంగా తుడిచేశామంటారు, పదేళ్లు తిరక్కుండా ఆ శత్రువే మళ్లీ పొలిమేరలో దిగుతాడు. ఇక్కడా అంతే. 15వ అధ్యాయంలో తుడిచిపెట్టుకుపోయిన అమాలేకీయులు 30వ అధ్యాయంలో వచ్చి సిక్లగు ఊరిని తగలబెట్టారు. యెహోషువ కూల్చిన యెరికో గోడల కోసం కాథ్లీన్ కెన్యన్ అనే ఆవిడ 1952 నుంచి 1958 దాకా తవ్వి, కథ జరిగిందనే కాలానికి అక్కడ కూలడానికి గోడలే లేవని తేల్చింది. యెరికో తర్వాత తగలబెట్టిన ఊరి పేరు మన బైబిల్లో ‘హాయి’. చిన్నప్పుడు ఆ పేరు చదివి పిల్లలం నవ్వుకునేవాళ్లం. ఊరు హాయి, జరిగింది ఊచకోత.

సరే, చరిత్రలో అంత మారణకాండ జరగలేదేమో. కాస్త ఊపిరి ఆడింది. మర్నాటికి మళ్లీ బిగుసుకుంది. గొప్పలు చెప్పుకునేవాడు తనకు గొప్ప అనిపించినదాన్నే పెంచి చెబుతాడు. చేయకపోయినా చేశామని రాసుకున్నారంటే, చేయడం మంచిదనే కదా అనుకున్నారు. పైగా దాన్ని దేవుడి నోట పెట్టారు.

ఆ పిల్ల రాసిన జవాబు కొత్తదేం కాదని నాకు ఆలస్యంగా తెలిసింది. యూదుల తల్మూదులో ఒక కథ ఉంది. పెద్దలు తప్పు చేశారు సరే, పిల్లలు ఏం చేశారు, మనుషులు చేశారు సరే, పశువులు ఏం చేశాయి అని సౌలే దేవుణ్ణి అడిగాడట. మరీ అంత నీతిమంతుడివి కావద్దని ఆకాశం నుంచి జవాబొచ్చిందట. రబ్బీలు ఆ ప్రశ్నను అడగనిచ్చారు, జవాబుతో నోరు మూయించారు. అంతటితో వదల్లేదు. అదే సౌలు తర్వాత దావీదుకు రొట్టె ఇచ్చారన్న కోపంతో నోబు అనే యాజకుల ఊరిని చంపించాడు. అప్పుడు మళ్లీ ఆ స్వరమే, మరీ అంత దుర్మార్గుడివి కావద్దని పలికిందట.

నోబు కథ కోసం బైబిల్ తెరిచాను. 22వ అధ్యాయం, 19వ వచనం. పురుషులు, స్త్రీలు, పిల్లలు, పాలుతాగే పసివాళ్లు, ఎడ్లు, గాడిదలు, గొర్రెలు. 15వ అధ్యాయంలో ఉన్న జాబితాయే, ఒంటెలు తప్ప. అమాలేకు మీద సగంలో ఆపినందుకు రాజ్యం పోగొట్టుకున్నవాడు, సొంత యాజకుల మీద ఆ జాబితా మొత్తం అమలు చేశాడు. ఇక్కడ రచయిత దాన్ని ఘోరంగానే చూపిస్తాడు, అనుమానం లేదు. రెండు జాబితాలనూ ఒకేలా రాసినవాడికి అవి ఒకదాని పక్కన ఒకటి కనపడతాయని తెలియదా? తెలిసే రాశాడని నా నమ్మకం. ద్వితీయోపదేశకాండంలో ఇంకా విచిత్రం. 24వ అధ్యాయం తండ్రుల తప్పుకు పిల్లల్ని చంపకూడదంటుంది. పేజీ తిప్పకుండానే 25వ అధ్యాయం అమాలేకు పేరే భూమ్మీద లేకుండా చేయమంటుంది. ఈ గ్రంథం తనతో తనే వాదులాడుకుంటోంది. మనమే ఒక గొంతు విని రెండోది వినం.

నా మాట చెప్పేస్తాను. దేవుడు ఆ ఆజ్ఞ ఇవ్వలేదనే నేను నమ్ముతున్నాను. సమూయేలు విన్నాననుకున్నాడు. ఈ మాట మా గుడిలో గట్టిగా అనను, ఇక్కడ అంటున్నాను. సమూయేలు పొరబడతాడా అంటారేమో, బైబిలే చెబుతోంది. చిన్నప్పుడు రాత్రి దేవుడు పిలిస్తే, ముసలి ఏలీ పిలిచాడనుకుని మూడుసార్లు లేచి పరిగెత్తాడు. సండే స్కూల్లో పిల్లలకు అన్నిటికంటే ఇష్టమైన కథ అది. పెద్దయ్యాక 16వ అధ్యాయంలో యెష్షయి పెద్దకొడుకును చూసి, రాజు కావలసినవాడు వీడేననుకుని దేవుడి చేత దిద్దించుకున్నాడు. దేవుడి గొంతును మనిషి గొంతనుకున్నవాడు, మనిషి గొంతును దేవుడి గొంతు అనుకోకూడదా?

ఇది చెప్పినంత తేలిక కాదు. ఆ అధ్యాయంలోనే పదో వచనంలో దేవుడి వాక్కు వచ్చిందని రచయిత తన మాటగా అంటాడు. అది నా వాదానికి అడ్డం. 15వ అధ్యాయంలో తప్పు విన్నవాడు 3వ అధ్యాయంలో ఒప్పు విన్నాడని నాకేం భరోసా? ఆ రాత్రి పిలుపు మీదే కదా నేను సగం జీవితం పాఠాలు చెప్పాను. దీనికి నా దగ్గర జవాబు లేదు, ఉన్నట్టు నటించను.

కత్తెర పట్టుకుంటే సులువు. రెండో శతాబ్దంలో మార్కియోను అనే ఓడల వ్యాపారి పట్టుకున్నాడు. పాత నిబంధన దేవుడు వేరు, యేసు తండ్రి వేరు అని పాత నిబంధన మొత్తం కోసేశాడు. 144లో రోము సంఘం అతణ్ణి వెలివేసి, అతనిచ్చిన పెద్ద కానుకను కూడా తిప్పి పంపింది. అతని మీద నాకు కోపం లేదు, ఆ బాధ నాకు తెలుసు. కానీ అతని కత్తెర సరిపోదు. ఆరని అగ్ని మాట సువార్తల్లో చెప్పింది యేసే. లూకా 19లో ఉపమానం చివర రాజు, తన ఏలుబడి ఇష్టం లేనివాళ్లను తెచ్చి తన ముందు చంపమంటాడు. అక్కడ కోస్తే ఇక్కడా కోయాలి, కోస్తూ పోతే చేతిలో అట్టలే మిగులుతాయి.

కోయకూడదని నాకు పుస్తకాలు నేర్పలేదు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. మాకు దూరం కాదు. తర్వాతి ఆదివారం గుడిలో పాడేవాళ్ల గొంతులు లేవలేదు. అప్పటి అయ్యగారు 137వ కీర్తన తీశారు. బబులోను నదుల దగ్గర కూర్చుని ఏడ్చినవాళ్ల కీర్తన. తొమ్మిది వచనాల్లో ఎప్పుడూ ఆరు చదివి ఆపేవారు. ఆయనొక్కడే కాదు, జాన్ వెస్లీ 1784లో ఇలాంటి కీర్తనలు క్రైస్తవుల నోట తగవని తన ప్రార్థన పుస్తకంలోంచి తీసేశాడు. రెండో వాటికన్ సభ తర్వాత కేథలిక్కులు కూడా తమ నిత్య ప్రార్థనల్లోంచి మూడు కీర్తనల్ని పూర్తిగానూ, దీని చివరి వచనాల్నీ తొలగించారు.

ఆ రోజు అయ్యగారు ఆరో వచనం దగ్గర ఆగి పుస్తకం మూయబోతే, వెనక చాప మీద కూర్చున్న మామ్మ ఒకామె, “ఆఖరిదాకా చదవండయ్యా” అంది. ఆయన తటపటాయించాడు. ఆమె మళ్లీ అంది. చదివాడు. శత్రువు పసిపిల్లల్ని బండకేసి కొట్టేవాడు ధన్యుడనే మాట దాకా చదివాడు. ఎవరూ ఆమేన్ అనలేదు. మామ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. సోమవారం పొద్దున ఆమె ఎప్పటిలాగే ఆసాముల చేలో నాట్లు వేయడానికి వెళ్లింది. నేను బడికి పోతూ చూశాను, మోకాలి లోతు నీళ్లలో వంగి, చేతిలో నారు కట్ట.

ఓరిగెను ఆ పసిపిల్లలంటే చెడ్డ తలంపులనీ, ఆ బండ అంటే క్రీస్తనీ అర్థం చెప్పాడు. తెలివైన అర్థం. ఆ మామ్మ ముందు చెప్పడానికి నాకు నోరు రాదు. ఆమె తలంపుల గురించి అడగలేదు. చేతిలో రాయి లేనివాళ్లు, వచ్చినా విసరనివాళ్లు, ఆ రాయిని తీసుకెళ్లి దేవుడి ముందు పడేశారు. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు ఇరవై ఒక్కమందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు అందర్నీ విడిచిపెట్టింది. ఆ వార్త చదివిన రోజు నేను ఆ కీర్తన చివరిదాకా చదువుకున్నాను, నోరు తిరక్కపోయినా.

కాబట్టి ఈ రెండు వాక్యాలనూ నేను ఒక గాటన కట్టలేను. కీర్తనలో దెబ్బతిన్నవాడు దేవుడితో మొరపెట్టుకుంటున్నాడు. 15వ అధ్యాయంలో రెండు లక్షల కాల్బలం ఉన్నవాడికి దేవుడి పేరుతో ఆజ్ఞ అందుతోంది. మొదటిదాన్ని తీసేస్తే ఆ మామ్మ గొంతు పోతుంది. రెండోదాన్ని ప్రశ్న లేకుండా బోధిస్తే, బలమున్నవాడెవడైనా ఎత్తుకుపోతాడు. ఎత్తుకుపోయారు కూడా. 1689లో అమెరికాలో కాటన్ మాథర్ అనే బోధకుడు సైనికులకు ప్రసంగం చేస్తూ అక్కడి మూలవాసుల్ని అమాలేకుతో పోల్చాడు. 2023లో ఆ పేరు ఒక దేశ ప్రధాని నోట వినిపించి, దాని అర్థమేమిటన్న వాదం అంతర్జాతీయ న్యాయస్థానం గడప దాకా వెళ్లింది.

ఆ పిల్ల ఇప్పుడు విజయవాడలో నర్సింగు చదువుతోంది. సున్నా సంగతి తనకు గుర్తే లేదంది. నేను క్షమాపణ చెబితే సిగ్గుపడి, “అదేంటి టీచరమ్మా” అని కాఫీ కలపడానికి లేచింది.

ఇప్పుడు మా గుడి వరకు ప్రశ్నపత్రం నేనే తయారుచేస్తున్నాను. పాత ప్రశ్న తీసేయలేదు. దాని కింద ఇంకో ఐదు మార్కులకు, నోబులో జరిగినదాన్ని అమాలేకు దగ్గర జరిగినదానితో పోల్చండి అని పెట్టాను. కీ రాయలేదు. మొన్నటి పరీక్షకు ఇరవై ముగ్గురు కూర్చుంటే పద్దెనిమిది మంది ఆ చోటు ఖాళీగా వదిలేశారు. వెనక బెంచీ కుర్రాడొకడు చెయ్యెత్తి, “టీచర్, నోబు సిలబస్‌లో లేదు కదా” అన్నాడు.

“ఉంది నాయనా,” అన్నాను. “ఇరవై రెండో అధ్యాయం, పందొమ్మిదో వచనం. తీసి చదువు.”