డోరా చెప్పిన ‘కాదు’

1900లో వియన్నాలో ఓ తండ్రి పద్దెనిమిదేళ్ళ కూతుర్ని సిగ్మండ్ ఫ్రాయిడ్‌కి అప్పగించాడు. ఆ అమ్మాయికి దగ్గు, గొంతు పోవడం, దిగులు. ఇంట్లో గొడవ వేరే ఉంది. తండ్రికి తన స్నేహితుడి భార్యతో సంబంధం. ఆ స్నేహితుడేమో ఈ అమ్మాయి వెంటపడ్డాడు. ఓ సరస్సు ఒడ్డున మనసులో మాట బయటపెడితే ఆమె చెంప మీద కొట్టింది. ఇంట్లో చెప్తే, కల్పించుకుందన్నారు. తమ సంబంధానికి అడ్డు రాకుండా తనని అతనికి బదులుగా ఇచ్చేశారని ఆమె కోపం. కేసు రాసినప్పుడు ఫ్రాయిడ్ ఆమెకి డోరా అని పేరు పెట్టాడు.

ఫ్రాయిడ్ ఆమె మాట నమ్మాడు. అది చిన్న విషయం కాదు. కానీ నమ్మిన తర్వాత, నిజానికి నువ్వు అతన్ని ప్రేమిస్తున్నావన్నాడు. ఆమె కాదంది. ఆ ‘కాదు’ కూడా అణచుకున్న కోరికకి ఆనవాలేనన్నాడు.

మన గురించి మనకి పూర్తిగా తెలీదన్న మాట మీదే సైకోఅనాలిసిస్ నిలబడింది. అది నిజమనే అనుకుంటాను. అందుకే పేషెంట్ తన మాటలకి అర్థం చెప్పే పని ఇంకొకరికి అప్పగిస్తుంది. కానీ ఒప్పుకుంటే రుజువు, ఒప్పుకోకపోతే ఇంకా గట్టి రుజువు అయితే, అనలిస్ట్ ఎప్పుడు తప్పవుతాడు? ఈ విమర్శ ఫ్రాయిడ్‌కి తెలుసు. 1937లో జవాబిచ్చాడు కూడా: అవునన్నా కాదన్నా దాన్ని ఉన్నపళంగా తీసుకోం, ఆ తర్వాత ఏం గుర్తొస్తాయో చూస్తామని. సబబైన జవాబే. కాకపోతే ఆ చూసేదీ అనలిస్టే.

డోరా పదకొండు వారాలు వచ్చి, డిసెంబర్ 31న ఇదే ఆఖరి రోజని చెప్పి వెళ్ళిపోయింది. ఫ్రాయిడ్ దాన్ని పగ అనుకున్నాడు. 1905లో కేసు అచ్చేస్తూ తన లోపం ఒకటి ఒప్పుకున్నాడు: ఆ స్నేహితుడి మీది భావాలని ఆమె తన మీదకి మళ్ళించిందని, ఆ ట్రాన్స్‌ఫరెన్స్‌ని తను సమయానికి పట్టుకోలేకపోయానని.

ఈ ఒప్పుకోలు గొప్పదే, సైకోఅనాలిసిస్‌ని చాలా దూరం నడిపించింది కూడా. కానీ ఇందులోనూ ఆమె కోపం ఇంకెవరిదో, ఫ్రాయిడ్‌ది కాదు. తండ్రి వినలేదు, స్నేహితుడు వినలేదు, మూడోవాడిగా ఫ్రాయిడ్ కూడా ‘కాదు’ని ‘అవును’గా విన్నాడు. ఆ కోపం నేరుగా అతని మీదే అయ్యుండకూడదా?

1902లో ఆమె మళ్ళీ వచ్చింది. సరస్సు దగ్గర జరిగింది నిజమేనని ఆ స్నేహితుడి చేతే ఒప్పించానని చెప్పింది. ఆమె ముఖం చూసి, నిజంగా వైద్యం కోసం రాలేదని ఫ్రాయిడ్ తేల్చేశాడు.

పేషెంట్‌కి తెలియనిది అనలిస్ట్‌కి తెలియొచ్చు. ఆ అధికారం ఆమె నమ్మి ఇచ్చిందే. వెనక్కి తీసుకుంటానన్నప్పుడు, అదీ జబ్బు లక్షణమేనని రాసుకునే ముందు, ఆమె చెప్పేది తన గురించేమోనని అతను ఒక్కసారైనా ఆగి వినాలి.