బల్లయొద్ద చోటు

ధ్యానమునకు: అపొస్తలుల కార్యములు 6:1–6, న్యాయాధిపతులు 12:5–6



మన పల్లెల పిల్లలు కాలేజీ చదువులకు పోవుట మన తాతలకు కలలోనైన తోచని సంగతి. నేడు కరీంనగరములో శాతవాహన విశ్వవిద్యాలయమున్నది. బాసరలో, గోదావరి యొడ్డుననే, మనవారు ట్రిపుల్ ఐటీ అని పిలుచు విశ్వవిద్యాలయమున్నది. రెండును 2008లో ఏర్పడినవే. బాసరది ముఖ్యముగా పల్లెటూరి పిల్లలను ఉద్దేశించి పెట్టబడినది. పదవ తరగతి కాగానే చేరి, ఆరేండ్లు అక్కడనే తిని, అక్కడనే నిద్రించి, ఇంజనీర్లయి బయటికి వత్తురు. సర్కారు బడిలో చదివినవారికి కొంత అదనపు లెక్క కలిపి ఎంపిక చేయు పద్ధతిని అక్కడ పెట్టిరి. మంచి పద్ధతి. ట్యూషను ముఖము చూడని పిల్ల మార్కును, మూడు ట్యూషనులకు పోయిన పిల్ల మార్కును ఒక్క కుంచముతో కొలువరాదు గదా!

ఇట్లు చట్టము వాకిలి తెరచుచున్నది. షెడ్యూల్డు కులములనుండి క్రైస్తవులైన కుటుంబముల బిడ్డలకు మన రాష్ట్రములో బి.సి.–సి అను పేర నూటికి ఒక సీటు ఉన్నదని మనలో అనేకులకు తెలియును. అయితే సీటు వేరు, చోటు వేరు. సీటు ప్రభుత్వమిచ్చును. చోటు మాత్రము ప్రక్కన కూర్చున్నవారు ఇయ్యవలెను. వారు ఇయ్యనియెడల అది తప్పగునా? లేక వచ్చినవారే తమ చోటు తాము సంపాదించుకొనవలెనా?

ఉట్నూరు ప్రాంతపు గోండు గూడెమునుండి ఒక పిల్ల హాస్టలుకు వచ్చినదనుకొందము. ఆమెకు ఇంట గోండి, బడిలో తెలుగు, అంగడిలో మరాఠీయో హిందీయో; ఇప్పుడు వీటిపైన ఇంగ్లీషు. మొదటి దినమున ఆమె ఒక మాట పలుకగా గదిలోనివారు నవ్వుదురు. ఎవరును కొట్టలేదు, తిట్టలేదు. కాని ఆ దినము మొదలుకొని ఆ పిల్ల తరగతిలో నోరు తెరువదు. జవాబు తెలిసియు ఊరకుండును. ఆ నవ్వినవారిని అడిగినయెడల, మేమేమి చేసితిమి అందురు.

పూర్వము గిలాదువారు యొర్దాను రేవులయొద్ద నిలిచి, దాటవచ్చిన ప్రతివానిచేత షిబ్బోలెతు అను మాట పలికించిరి. సిబ్బోలెతు అన్నవాడు ఎఫ్రాయిమీయుడని తెలిసిపోయి అక్కడనే చంపబడెను. ఒక్క అక్షరము! చంపినవారును చచ్చినవారును ఇశ్రాయేలీయులే అని మరువకూడదు. నాలుకను బట్టి మనిషిని పట్టుకొను ఆ రేవు నేడు హాస్టలు భోజనశాల గుమ్మమున ఉన్నది. ఈ బాధ మనకు తెలియనిది కాదు. ఎన్ని యేండ్లు సినిమాలలో మన తెలంగాణ మాటను రౌడీ నోటను, హాస్యగాని నోటను పెట్టిరి! మనకు ఒళ్లు మండెను. అట్టి మనమే కొలాము పిల్లవాని తెలుగు విని నవ్వుట ఏ న్యాయము?

ఆదిలాబాదు అడవులలోనే దీనికి వేరొక మార్గము చూపబడెను. 1940లో జోడేఘాటులో కొమురం భీము చంపబడిన తరువాత, గోండుల స్థితిని విచారించుటకు నిజాము ప్రభుత్వము హైమెండార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుని నియమించెను. 1943లో ఆయన మార్లవాయిలో గోండు యువకులను ఉపాధ్యాయులుగా తయారుచేయు కేంద్రము పెట్టించెను. మొదటి వాచకములు గోండి భాషలోనే, దేవనాగరి లిపిలో వచ్చెను. పిల్లవాని భాష నేర్చుకొనవలసిన పని బడిమీద పడినది.

యెరూషలేము సంఘములోను అన్నపు పంపకముయొద్దనే చిక్కు వచ్చెను. గ్రీకు మాటలాడు విధవరాండ్రు ప్రతిదినము మరువబడుచుండిరి. వారికి ఓర్పును గూర్చి ప్రసంగము చేసియుండవచ్చును; అపొస్తలులు ఆ పని చేయలేదు. ఏడుగురిని ఏర్పరచుమనిరి. ఆ ఏడుగురి పేర్లు చదివి చూడుడి: స్తెఫను మొదలు నీకొలాసు వరకు అన్నియు గ్రీకు పేర్లే. సణిగినవారి చేతికే గరిటె ఇచ్చిరని తోచుచున్నది. మన హాస్టళ్లలో మెస్సు కమిటీలో ఎవరుందురు? కూర ఏదని, ఏ పండుగకు ఏమి వండవలెనని నిర్ణయించువారు ఎవరు? ఆదివాసి బిడ్డ, ముస్లిము బిడ్డ, కన్ను కనబడని బిడ్డ ఆ కమిటీలో ఉన్నారా? స్నేహము చేయుమని ఎవరిని బలవంతపెట్టలేము. గరిటె పంచుకొనుమని మాత్రము అడుగవచ్చును.

తమ భాషవారితో తాము కూర్చుండుట తప్పా అని కొందరు అడుగుదురు. తప్పు కాదు. ఇల్లు విడిచి వచ్చిన గోండు పిల్లకు గోండి మాటలాడు తోడు దొరికిన, ఆ రాత్రి నిద్రపట్టును. అధికారమంతయు ఒక్క గుంపులోనే తిరుగునప్పుడు చిక్కు పుట్టుచున్నది.

కాగితముమీది నియమము ఎంతవరకు కాపాడునో మనము చూచితిమి. కులమును బట్టి వివక్ష కూడదని యు.జి.సి. 2012లో నియమములు చేసెను. 2016 జనవరి 17న హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయములో రోహిత్ వేముల అను పరిశోధక విద్యార్థి ప్రాణము తీసికొనెను. ఆ నియమములు నడచుట లేదని 2019లో ఇద్దరు తల్లులు సుప్రీంకోర్టుకు పోయిరి: ఒకరు రోహిత్ తల్లి రాధిక, మరియొకరు ఆ యేడే ముంబయిలో మరణించిన యువ వైద్యురాలు పాయల్ తడవీ తల్లి ఆబేదా. తమ బిడ్డలు తిరిగిరారు. ఇతరుల బిడ్డలకొరకు పోయిరి.

పిల్లలు ఈ చిన్నచూపును కాలేజీలో క్రొత్తగా నేర్చుకొనరు, మూటతోకూడ ఇంటినుండి తీసికొనిపోవుదురు. మాల మాదిగ అను మాట మన సంఘములలో పెండ్లి సంబంధము వచ్చిననాడు ఎంత బిగ్గరగా వినబడునో మనకు తెలియదా?

కాలేజీలు తెరచు దినములలో తల్లిదండ్రులు పెట్టెలు మోసికొని హాస్టళ్లకు పోవుదురు. గదిలోని తక్కిన పిల్లల పేర్లడుగుదురు. పేరు తరువాత ఊరు, ఊరు తరువాత ఇంటిపేరు. ఇంటిపేరు వినగానే వార్డెను గదివైపు నడచువారు కొందరు. గది మార్చుమనుటకు జబ్బువంటి కారణములుండవచ్చును; వాటిని కాదనము. కాని ఇంటిపేరే కారణమైనయెడల, మీరెందుకు లేచితిరో వార్డెను కంటె ముందు మీ బిడ్డకు తెలియును, మంచముమీద కూర్చున్న ఆ పరాయి బిడ్డకును తెలియును. వాళ్లమ్మ కట్టి యిచ్చిన జొన్నరొట్టెల మూట విప్పి ఆ పిల్ల మీకు పెట్టబోవుచున్నదేమో, కొంచెము నిలిచి చూడుడి.