చిన్నవాడికీ అందే ధర్మం

రాయచూరు జిల్లా గోరేబాళ వైపు వెళ్తే పొలం గట్ల మీద తెలుగు వినిపిస్తుంది. తుంగభద్ర డ్యాం వచ్చాక, ఎడమ కాలువ నీళ్లను నమ్ముకుని ఆంధ్ర రైతులు సింధనూరు ప్రాంతానికి తరలివచ్చారు. వాళ్లు కట్టుకున్న ఊళ్లను ఇప్పటికీ క్యాంపులనే అంటారు. ఆ పొలాలకు కాస్త దూరంలోనే మస్కి. అక్కడి కొండ మీద ఒక బండ రెండు వేల ఏళ్లకు పైగా ఒకే మాట చెబుతోంది.

1915లో బీడన్ అనే బంగారు గనుల ఇంజనీరు కంట పడిందా శాసనం. అప్పుడీ నేల నిజాం ఏలుబడిలో ఉంది. ఆ శాసనం ఉన్న బ్రాహ్మీ లిపిని ప్రిన్సెప్ అనే ఆంగ్ల పండితుడు 1837లోనే చదివాడు. అయితే మస్కి కన్నా ముందు దొరికిన ధర్మశాసనాల్లో రాజు పేరు లేదు. దేవానాంపియ, పియదసి అనే బిరుదులే ఉన్నాయి. ఆ రాజు అశోకుడేనని సింహళ గ్రంథాల సాయంతో పండితులు పోల్చుకున్నారు. ఆ రాజు సొంత శాసనాల్లో అశోకుడన్న పేరును మొదట చూపించింది మస్కి.

పేరు దొరికిందన్న సంబరంలో విషయం వెనకబడింది. అసలు విశేషం అక్కడే ఉంది. తాను బుద్ధుణ్ణి ఆశ్రయించి రెండున్నరేళ్లు దాటిందని, బౌద్ధ సంఘానికి దగ్గరై గట్టిగా సాధన మొదలుపెట్టాక ఫలం కనిపించిందని చక్రవర్తి చెప్పుకుంటాడు. ఆ ఫలం గొప్పవాళ్లకే దక్కుతుందనుకోవద్దని, ధర్మాన్ని పట్టుకున్న చిన్నవాడికీ అందుతుందని అంటాడు. ఈ సంగతి చిన్నా పెద్దా అందరికీ చెప్పాలంటాడు. మోక్షానికి అర్హులెవరన్న ప్రశ్న ఈ దేశంలో ఎన్ని వాదాలకు, ఎన్ని వెలివేతలకు కారణమైందో తెలిసినవారికి ఆ వాక్యం బరువు తెలుస్తుంది. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీదా అదే రాజు మాట ఉంది: తల్లిదండ్రుల మాట వినాలి, ప్రాణుల మీద దయ చూపాలి, నిజం పలకాలి.

మరి చదవగలిగేవారు లేని వందల ఏళ్లలో ఆ రాయి ఏమైనట్టు? ధర్మం రాతిలో ఉంటుందా, దాన్ని చదివే మనిషిలోనా?

కలబురగి జిల్లా సన్నతిలో ఈ ప్రశ్న కళ్లెదుటే నిలిచింది. భీమా నది ఒడ్డున, చంద్రలాంబ గుడి ఆవరణలోని కాళికాలయంలో అమ్మవారి విగ్రహానికి పీఠంగా ఉన్న పలక అశోకుడి శాసనమని 1980లలో బయటపడింది. విగ్రహాన్ని నిలపడానికి మధ్యలో రంధ్రం తొలిచారు, కొన్ని అక్షరాలు పోయాయి. మిగిలినవాటిలో అశోకుడి పన్నెండో శిలాశాసనం ఉంది. పరమతాన్ని నిందించకూడదు, ఇతరుల ధర్మాన్నీ గౌరవంతో వినాలి అన్నది దాని సారాంశం. ఆ మాటే ఎవరికీ తెలియకుండా మరో మతానికి పీఠమై కూర్చుంది.

దాన్ని అపచారమని కొట్టిపారేయడం న్యాయం కాదు. అమరావతి స్తూపం పలకలు ఎన్నో సున్నపు బట్టీల్లో కాలిపోయాయి. సన్నతి పలకను అమ్మవారి పాదాలే కాపాడాయి. పూజ రాతిని నిలబెట్టింది నిజమే. మాటను నిలబెట్టాలంటే మాత్రం ఎవరో ఒకరు చదివి చెప్పాల్సిందే.

క్యాంపుల్లోని తల్లిదండ్రులు సెలవురోజున పిల్లల్ని మస్కి కొండకు తీసుకెళ్లాలి. రాజు పేరు చూపించి ఊరుకోకుండా, ఆయన చిన్నవాడి గురించి అన్న మాటను ఇంట్లో మాట్లాడే తెలుగులో అక్కడే, ఆ బండ ముందే చెప్పాలి.