గుఱి తప్పిన గొట్టము: దోష మెవరిది?

ఇంగ్లండునందు తుపాకిగొట్టముల పరీక్ష చిరకాలమునుండి జరుగుచున్నది. లండనునందలి తుపాకిపనివారి సంఘమునకు 1637లో రాజశాసనము లభించెను. బర్మింగుహాము పరీక్షాలయము 1813లో చట్టముచే నేర్పడెను. అచట వాడుకకు మించిన మందుతో గొట్టమును పేల్చి, చెడనిచో ముద్ర వేయుదురు. ఆ ముద్ర ప్రాణమునకు హామీయేగాని గుఱికి గాదు. గుఱికి పనివాని మాటయే యాధారము.

పందెములలో గుఱి కాల్చువారు పలువురు తమ కొలతల ప్రకారము గొట్టమును చేయించుకొందురు. గుండ్లు చెదరినచో ఫిర్యాదు వచ్చును. "మీ చేయి వణకియుండును" అని పనివాడు తప్పించుకొన జూచును. బట్ట బిగువైనచో కుట్టుపనివాడు మన యొడలినే నిందించుట చూడమా? ఐనను ఆ మాట కేవల మబద్ధము కాదు. గొట్టములోని చాళ్ల మెలికకు గుండు పొడవు సరిపడకున్నను, కొయ్యలో తుపాకి సరిగా కూర్చుండకున్నను, దూరదర్శిని బిగింపు వదులైనను గుండ్లు చెదరును. మూడు గుండ్లు కాల్చి గొట్టమునకు శిక్ష విధించువాడును న్యాయాధిపతి కాడు.

కాని లోపలి చాళ్లను కొలుచు సాధనములు పనివానియొద్ద గలవు. కొనినవానియొద్ద గలవి కాగితముమీది రంధ్రములే. ఎఱిగినవాడు ఎఱుగనివానిని ముందుగా నిందింపదగునా?

తూటాగది తొలిచిన గొట్టమును మరల నమ్మజాలమందురు. నిజమే, ఆ నష్టము గొట్టము మంచిదని రుజువు చేయదు. అదే కొయ్యకు వేఱొక గొట్టము బిగించి, అవే తూటాలను, అలవడిన వేఱొక చేతితో పలుమాఱులు కాల్పింపవలెను. ఖర్చెవరిది? దోషము తేలకున్నను పనివానిదే యని మా యభిప్రాయము. అతడు దానిని ముందే వెలలో కలుపుకొనగలడు. కొనువాని కట్టి వెసులుబాటు లేదు.