అట్ట చెప్పని మాట

పాత ఫొటో చేతికొస్తే మనం ముందు మొహం చూస్తాం. తెలిసినవాళ్లు మాత్రం వెనక్కి తిప్పి అట్ట చూస్తారు. ఫొటో వయసు అక్కడ దొరుకుతుందని వాళ్ల ధీమా.

ఆ రోజుల్లో గుడ్డు తెల్లసొన పూసిన పల్చటి కాగితం మీద ఫొటోలు వేసేవారు. అది ఊరికే చుట్టుకుపోయేది. అందుకే అట్టకి అంటించేవారు. 1854లో పారిస్‌లో డిస్‌డేరి అనే ఆయన విజిటింగు కార్డంత ఫొటోకి పేటెంటు తీసుకున్నాడు. 1866లో లండన్‌లో అంతకంటే పెద్దదైన కాబినెట్ కార్డు వచ్చింది. తొలినాటి అట్టలు పల్చన, మూలలు కోసుగా ఉండేవి. 1870ల్లో మూలలు గుండ్రమయ్యాయి. 1880లకి అట్ట దళసరెక్కి, ముదురు రంగులూ బంగారు అంచులూ దిద్దుకుంది. అమెరికా ఫొటో వెనక రెవెన్యూ స్టాంపుందంటే అది 1864-66 నాటిది. అంతర్యుద్ధం ఖర్చుకి ఫొటోల మీదా పన్ను వేశారు మరి!

అయితే స్టూడియో యజమానీ మనలాంటి సంసారే. మిగిలిపోయిన పాత అట్టలు పారెయ్యడానికి చేతులు రావు. పోయిన తల్లి ఫొటోకి నకలు తీయించి కొత్త అట్టకి అంటించుకున్న పిల్లలూ ఉంటారు. అంటే, అట్ట చెప్పేది అట్ట వయసే. కట్టుకున్న చీరని బట్టి మనిషిని అంచనా వెయ్యడం లాంటిదే ఇదీను!

మన వైపూ ఈ ముచ్చట తక్కువేం కాదు. ఘోషా స్త్రీల కోసం రాజా దీన్ దయాళ్ 1892లో హైదరాబాదులో జనానా స్టూడియో తెరిచారు. అక్కడ ఫొటోలు తీసిందీ ఒక ఇంగ్లీషు మహిళే.

ఏ దేశపు అట్టయినా చూడండి. స్టూడియో పేరు బంగారు అక్షరాల్లో మెరుస్తూ ఉంటుంది. ఊపిరి బిగబట్టి కూర్చున్న ఆవిడ పేరు మాత్రం చాలావాటి మీద ఉండదు. ఇంట్లో అందరికీ తెలిసిన మొహమేగా, రాయడమెందుకు అనుకున్నారు కాబోలు. ఆ తెలిసినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు.

మరుపు పాపం కాదు, అది మనిషి లక్షణం. తెలిసి ఉండీ రాయకపోవడం మాత్రం అన్యాయమే అంటాను. తనని గుర్తుంచుకోమనేగా ఆవిడ అంతసేపు కదలకుండా కూర్చుంది!

మీ ఇంట్లోనూ అలాంటి ఫొటో ఉంటే, పేరు తెలిసిన పెద్దవాళ్లు ఉండగానే అడగండి. వెనకాల మెత్తటి పెన్సిలుతో రాయండి. ఏ కాలమో అట్ట చెబుతుంది. ఎవరి అమ్మో మనమే చెప్పాలి.