పలుకని వానిపై దండమా?

సింధుసౌవీర దేశాధిపతియగు రహూగణుడు పల్లకి నెక్కి పోవుచుండగా, క్రొత్తగా చేర్చిన బోయీ నడక వలన పల్లకి కుదుపునకు లోనయ్యెను. ఆ బోయీ జడభరతుడు. పాదముల క్రింద ప్రాణులు నలుగునేమోయని ముందు నేలను చూచి అడుగిడుటయే ఆ కుదుపునకు కారణము. రాజు భరతుని కారణము నడుగలేదు. ఎగతాళి చేసి, దండింతునని బెదరించెను. శ్రీమద్భాగవత పంచమస్కంధమునందలి యీ కథను చదివినవారు భరతుని జ్ఞానమును కొనియాడుదురేగాని, రాజు చేసిన తప్పెట్టిదో అంతగా విచారింపరు. నడకను చూచి దోషమును నిర్ణయించుటయే ఆ తప్పు.

ఈ తప్పు నేడును జనసమ్మర్దముగల క్షేత్రములందు జరుగుటకు వీలున్నది. 1943లో లియో కానర్ అను వైద్యుడు వర్ణించిన ఆటిజం అను స్థితి, మెదడు ఎదుగుదలలోని భేదము వలన కలుగునది. పెంపకపు లోపము కాదు. ఇట్టివారిలో కొందరు మాటాడరు. కొందరు విన్న మాటనే మరల పలుకుదురు. అది వెక్కిరింత కాదు. ఎదుటివాని కన్నులలోనికి చూడకుండుట అపరాధచిహ్నము కాదు. వైకుంఠం క్యూ కాంప్లెక్సులోని నిరీక్షణము, మైకుల ధ్వని, హఠాత్తుగా భుజముపై పడిన చేయి వారికి భరింపరాని బాధ కావచ్చును. చెవులు మూసికొని అరచుట, పరుగిడుట ఆ బాధకు ఫలములేగాని ధిక్కారము కాదు.

"వేలమందిని కాచువాడు ఒక్కొక్కరి మనస్సు నెట్లెరుగును? నియమ మందరికి నొక్కటియే కదా" యని కొందరందురు. నియమము రక్షణ కొరకే. రక్షింపవలసిన వానినే గాయపరచునపుడు దాని ప్రయోజనము చెడును.

అంతకంటె కఠినమైన ప్రశ్న వేరొకటి కలదు. భరతుడు పలికెను గనుక రాజు పల్లకి దిగి క్షమాపణ వేడెను. పలుకలేని వాని మాట యేమి? విశిష్టాద్వైత సిద్ధాంతము దీనికి సమాధానము చూపుచున్నది. ధర్మభూతజ్ఞానమునకు సంకోచవికాసములు కలవుగాని, ఆత్మస్వరూపమునకు లేవు. అది సర్వదా భగవచ్ఛేషమే. మాట లేకుండుట జ్ఞానము లేకుండుట కాదు. ఒకవేళ జ్ఞానము సంకోచించినదనుకొన్నను గౌరవము తగ్గదు. "పూర్వకర్మ ఫలము" అని తల్లిదండ్రులను నొప్పించుటయు తగదు. కర్మసిద్ధాంతము తన నడతను దిద్దుకొనుటకేగాని, పరుల దుఃఖమును తూచుటకు కాదు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ఆటిజమును 21 వైకల్యములలో చేర్చి, పోలీసు అధికారుల, పంచాయతీ సభ్యుల శిక్షణలో దివ్యాంగుల హక్కులను గూర్చిన పాఠముండవలెనని విధించినది. 2000 నుండి తిరుమలలో సాగుచున్న శ్రీవారి సేవకు వచ్చువారును, చిత్తూరు పల్లెలలోని ఆరోగ్య కార్యకర్తలును ఈ పాఠము నేర్చుట మేలు. నేర్వవలసినది కొంచెమే: చిన్న మాటలలో మెల్లగా చెప్పవలెను, సమాధానమునకు వేచియుండవలెను, చెప్పకుండ చేయిపట్టరాదు, చేతిలోని వస్తువును లాగికొనరాదు, తోడివారిని అడుగవలెను. ఇట్టి బిడ్డలలో చాలమందికి నీటిపై ఆకర్షణ మెండు. కావున తప్పిపోయినపుడు పుష్కరిణి, కపిలతీర్థము, చెరువుగట్టు మొదట వెదకవలెను.

దండమును చేత బట్టినవాడు మొదట కారణము నడుగవలెను. ఎదుటివాడు చెప్పలేనపుడు కారణమును తానే ఎరిగియుండుట వాని ధర్మము.